ధాన్యం లేని చాక్లెట్ డోనట్లు, పైన సహజ రంగుల ఫ్రాస్టింగ్: కొలతలు కావాలి

గుంటచెంచా

గోధుమ, మైదా, బియ్యం, మొక్కజొన్న, జొన్న, రాగి, ఓట్స్ ఏదీ పడకూడదు. గుడ్డు, పెరుగు, బాదం పర్లేదు. ఆరు చాక్లెట్ డోనట్లు ఓవెన్లో కాల్చాలి. పైన గులాబీ, పసుపు, నీలం రంగుల్లో రెండేసి. సీసా రంగులు వద్దు. 28 లీటర్ల ఓటీజీ, ఆరు గుంటల మెటల్ అచ్చు ఉన్నాయి.

ఇప్పటిదాకా రెండు వాయిలు పోయాయి. మొదటిది అచ్చులోంచి తీస్తుంటే ముక్కలైంది. రెండోదానికి అడుగున నూనె ఊరింది. ఫ్రాస్టింగ్‌లో బీట్‌రూట్ రసం పోయగానే వెన్న విరిగిపోయింది. ఎక్కడ తప్పో చెప్పగలరా?

ఓటీజీ_ఓపిక

మూడూ వేర్వేరు తప్పులండీ. ముందు కొలతలు ఇస్తాను, కారణాలు తర్వాత. అన్నీ గ్రాముల్లోనే తూచండి. బాదం పిండి కప్పు లెక్కన తీస్తే నొక్కి నింపినదానికీ వదులుగా పోసినదానికీ ఇరవై గ్రాముల తేడా వస్తుంది. ఆరు డోనట్లకు అది చాలా ఎక్కువ.

పొట్టు తీసిన బాదం పిండి 120 గ్రా.
టపియోకా స్టార్చ్ 30 గ్రా.
తియ్యగా లేని కోకో పొడి 25 గ్రా.
బెల్లం పొడి 70 గ్రా., జల్లించినది
వంట సోడా పావు టీస్పూన్, కొట్టి చదును చేసి
ఉప్పు పావు టీస్పూన్
గుడ్లు 2 (పెంకు తీస్తే సుమారు 100 గ్రా.)
పెరుగు 60 గ్రా., గది వేడిలో ఉన్నది
కరిగించిన ఉప్పులేని వెన్న లేదా కొబ్బరి నూనె 40 గ్రా.
నిమ్మరసం 1 టీస్పూన్
చిక్కటి కాఫీ డికాషన్ 1 టేబుల్ స్పూన్
వెనిల్లా 1 టీస్పూన్

ఓటీజీని పైనా కిందా రెండు రాడ్లు వేసి 175 డిగ్రీల దగ్గర పావుగంట వేడెక్కనివ్వండి. అచ్చుకి వెన్న రాసి పైన కోకో పొడి చల్లి దులపండి. ఇక్కడ మైదా చల్లే అలవాటు చాలామందికి చేతిలో ఉండిపోతుంది, జాగ్రత్త.

పొడులన్నీ కలిపి రెండుసార్లు జల్లించండి. గుడ్లు, బెల్లం ఒక నిమిషం గిలక్కొట్టి పెరుగు, వెన్న, డికాషన్, వెనిల్లా కలపండి. పొడులు వేసి గడ్డలు పోయేదాకా తిప్పండి. గ్లూటెన్ (గోధుమలో సాగే జిగురు ప్రోటీన్) లేదు కాబట్టి ఎక్కువ తిప్పితే గట్టిపడుతుందన్న భయం అక్కర్లేదు. నిమ్మరసం చిట్టచివర. అది పడ్డాక పిండిని గిన్నెలో ఉంచి ఫోన్ చూస్తూ కూర్చోకూడదు, పొంగు అంతా గిన్నెలోనే అయిపోతుంది.

పిండి జారుడు ఇడ్లీ పిండిలో సగం, గారెల పిండిలో సగం అనుకోండి. గరిటె ఎత్తితే ముద్దగా పడకూడదు, నీళ్ళలా కారకూడదు, వెడల్పు రిబ్బన్‌లా దిగాలి. పైపింగ్ బ్యాగ్‌లో పోసి (పాల కవరు కడిగి ఆరబెట్టి మూల కత్తిరించినా చాలు) ఒక్కో గుంటలో 70 నుంచి 75 గ్రాములు పిండండి. మూడింట రెండు వంతులు నిండుతుంది. అంతకు మించితే పొంగి మధ్య చిల్లు మూసుకుపోతుంది.

మధ్య అరలో 13 నుంచి 15 నిమిషాలు. చీపురుపుల్ల గుచ్చితే తడి పిండి అంటకూడదు, ఒకటి రెండు మెత్తటి పలుకులు అంటితే పర్లేదు. థర్మామీటర్ ఉంటే లోపల 95 డిగ్రీలు.

ఇక మీ మొదటి వాయి సంగతి. తీసిన వెంటనే తిరగేసి ఉంటారు. మైదా డోనట్‌ని గ్లూటెన్ వల పట్టి ఉంచుతుంది. ఇందులో పట్టు గుడ్డుదీ స్టార్చ్‌దీ మాత్రమే. వేడి మీద ఆ స్టార్చ్ ఇంకా జిగురుగానే ఉంటుంది, చల్లారితేనే బిగుస్తుంది. అచ్చులోనే పది నిమిషాలు ఆగండి. అంచుల చుట్టూ చెక్క పుల్లతో వదులు చేసి, పైన జాలీ బోర్లించి రెండూ కలిపి తిప్పండి. మరీ గంటలకొద్దీ ఉంచినా మెటల్ అచ్చులో ఆవిరి నీరై డోనట్ చర్మం అంటుకుంటుంది.

కోనసీమకొబ్బరి

రెండో వాయిలో నూనె ఊరిందంటే బాదం ఇంట్లోనే మిక్సీ పట్టారా?

గుంటచెంచా

అవునండీ. మిక్సీ చట్నీ జార్‌లో, ఆపకుండా.

కోనసీమకొబ్బరి

అదే కారణం. బాదంలో బరువులో దాదాపు సగం నూనె. జార్ వేడెక్కిందంటే పిండి కాదు, వెన్న మొదలవుతుంది. కంటికి పొడిలాగే కనిపించినా నూనె గింజ కణాల్లోంచి బయటికి వచ్చేసి ఉంటుంది. ఓవెన్లో అదంతా అడుక్కి దిగుతుంది.

బాదం మరిగే నీళ్ళలో ఒక నిమిషం వేసి, చల్లనీళ్ళలోకి మార్చి తొక్క ఒలవండి. గుడ్డ మీద ఒక రాత్రి ఆరబెట్టి, ఓటీజీలో 60 లేదా 70 డిగ్రీల దగ్గర రంగు మారకుండా గంటసేపు ఎండనివ్వండి. విరిస్తే టక్కుమని విరగాలి. చల్లారాక అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఆ తర్వాత కొలతలో ఉన్న 30 గ్రాముల టపియోకా స్టార్చ్‌ని బాదంతో పాటే జార్‌లో వేసి, మూడు సెకన్లు తిప్పడం, ఆపడం, అడుగు కదపడం. ఇలా పది పన్నెండు సార్లు. స్టార్చ్ పైకొచ్చే నూనెని పీల్చుకుంటుంది, ముద్ద కట్టదు. జల్లెడ పట్టి పైన మిగిలిన రవ్వని మళ్ళీ వేయండి. చివరి రెండు చెంచాల రవ్వని వదిలేయండి, దాని కోసం పట్టుదలకి పోతేనే వెన్న అవుతుంది.

తొక్కతో ఉన్న బాదం పిండి అయినా చాక్లెట్‌లో కనపడదు, కానీ కొంచెం బరకగా, వగరుగా ఉంటుంది.

ఇంకో మాట. మిక్సీ మూత రబ్బరు గాడిలో పాత గోధుమ పిండి ఇరుక్కుని ఉంటుంది. సీలియాక్ (గ్లూటెన్ పడని జబ్బు) ఉన్నవాళ్ళ కోసం చేస్తుంటే రబ్బరు ఊడదీసి కడగాలి. బాదంని పిండిమరకి అసలు పంపొద్దు. అక్కడ మీకంటే ముందు ఆడింది గోధుమో, జొన్నో అయి ఉంటుంది.

అరిటాకు

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించాలి. టపియోకా స్టార్చ్ అంటే సగ్గుబియ్యం పిండే కదా? పేరులో బియ్యం ఉంది మరి!

కోనసీమకొబ్బరి

పేరులోనే బియ్యం. సామర్లకోట, పెద్దాపురం వైపు, తమిళనాడులో సేలం వైపు మిల్లుల్లో కర్రపెండలం దుంప పాల నుంచి చేసేది అది. ధాన్యం కాదు.

కానీ సగ్గుబియ్యాన్ని మిక్సీ పట్టిన పొడి, కొన్న టపియోకా స్టార్చ్ ఒకటే అనుకుని వాడకండి. గుళికలు చేసేటప్పుడు వేడి తగిలి స్టార్చ్ కొంత ఉడికిపోయి ఉంటుంది. అందుకే ఆ పొడి చల్లటి తడిని కూడా లాగేస్తుంది, పిండి ఐదు నిమిషాల్లో బిగుస్తుంది. అదే వాడాలంటే పెరుగు ఇంకో టేబుల్ స్పూన్ వేసి, నిమ్మరసం వేయకముందు పది నిమిషాలు నాననివ్వండి. పలుకు కూడా పోతుంది. ఐసింగ్‌లోకి మాత్రం సగ్గుబియ్యం పొడి పనికిరాదు, నాలుకకి ఇసుకలా తగులుతుంది. అక్కడ కొన్న స్టార్చ్ గానీ పాలగుండ (ఆరోరూట్ పొడి) గానీ వాడాలి.

డాలస్‌దోసె

అమెరికాలో ఉన్నవాళ్ళ కోసం: ఇక్కడ టపియోకా ఫ్లోర్, టపియోకా స్టార్చ్ రెండూ ఒకటే. కసావా ఫ్లోర్ వేరు. అది దుంప మొత్తం ఎండబెట్టి ఆడించినది, పీచు ఉంటుంది, తడి బాగా లాగుతుంది. 30 గ్రాముల స్టార్చ్ బదులు 30 గ్రాముల కసావా ఫ్లోర్ వేస్తే డోనట్ కేకులా పొడిపొడిగా వస్తుంది. 20 గ్రాములకు తగ్గించండి.

బాదం పిండి ఆల్మండ్ ఫ్లోర్ అని ఉన్నదే తీసుకోవాలి. ఆల్మండ్ మీల్ అంటే సాధారణంగా తొక్కతో, బరకగా ఉండేది. ఓవెన్ 350 ఫారెన్‌హీట్. నల్లటి నాన్‌స్టిక్ అచ్చయితే 335, ముదురు రంగు అడుగు తొందరగా మాడుతుంది.

కొబ్బరి పిండితో చేస్తే చవక కదా అని అడిగేవాళ్ళు చాలామంది. 120 గ్రాముల బాదం స్థానంలో 120 గ్రాముల కొబ్బరి పిండి వేస్తే ఇటుక వస్తుంది. పాలు తీసేసిన కొబ్బరి పిప్పిని ఆడించినది కాబట్టి తన బరువుకి ఎన్నో రెట్లు తడి పీలుస్తుంది. దాని లెక్కే వేరు, గుడ్లు రెట్టింపు కావాలి. ఈ వంటకంలో 10 గ్రాములు దాటనివ్వకండి.

లేబుల్‌చదువరి

పిండి సంగతి అందరూ చూస్తారు. ధాన్యం దొంగదారిన వచ్చేది చిన్న డబ్బాల్లోంచి. బజారు నుంచి తెచ్చిన వాటి వెనక వైపు చదవండి.

బేకింగ్ పౌడర్: ఇందులో తడి పీల్చడానికి స్టార్చ్ కలుపుతారు, ఎక్కువగా మొక్కజొన్నదే. అందుకే పైన ఓటీజీ_ఓపిక గారు సోడా, నిమ్మరసం, పెరుగుతో సరిపెట్టారు. పొడిగానే కావాలంటే ఇంట్లో వంట సోడా 10 గ్రా., క్రీమ్ ఆఫ్ టార్టర్ (బేకింగ్‌లో వాడే పుల్లటి పొడి) 22 గ్రా., టపియోకా స్టార్చ్ 10 గ్రా. కలిపి పొడి సీసాలో పెట్టుకోండి.

ఐసింగ్ షుగర్: గడ్డ కట్టకుండా ఇందులోనూ మొక్కజొన్న స్టార్చ్ ఉంటుంది. పంచదార 100 గ్రాములకు టపియోకా స్టార్చ్ 4 గ్రాములు (ఒకటిన్నర టీస్పూన్) వేసి ఇంట్లో ఆడించండి. ఆడాక మూత ఐదు నిమిషాలు తీయొద్దు, లేదంటే సగం వంటింటి గోడల మీదకి పోతుంది. అమెరికాలో ఆర్గానిక్ పౌడర్డ్ షుగర్ కొన్నింటిలో టపియోకా స్టార్చే ఉంటుంది.

బీట్‌రూట్ పొడి, పండ్ల పొడులు: రసాన్ని స్ప్రే డ్రై చేసినవైతే మాల్టోడెక్స్‌ట్రిన్ (స్టార్చ్ నుంచి తీసే పొడి) కలుస్తుంది. అది చాలావరకు మొక్కజొన్న నుంచి వచ్చేదే. ముక్కలు ఎండబెట్టి ఆడించిన పొడి అయితే ఆ బాధ లేదు.

కస్టర్డ్ పౌడర్, బజారు రంగు స్ప్రింకిల్స్: రెండింట్లోనూ స్టార్చ్. వాటి జోలికే పోవద్దు.

గ్లూటెన్ ఫ్రీ అన్న ముద్ర చూసి ధాన్యం లేదనుకోకండి. మన దేశంలో ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నియమం ప్రకారం గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు మించకపోతే ఆ ముద్ర వేసుకోవచ్చు. లోపల బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి నిండుగా ఉండొచ్చు. ఈ రెండు మాటల్నీ కలిపేసి రాసిన వంటకాలు నెట్‌లో కొల్లలు.

కోకోకాయ

కోకో గురించి ఎవరూ మాట్లాడలేదు. రెండు రకాలు: మామూలు కోకో, క్షారంతో శుద్ధి చేసిన డచ్ కోకో. మామూలుది లేత ఇటుక రంగులో, కాస్త పుల్లగా ఉంటుంది, పీహెచ్ (పులుపు, క్షారాల కొలత; 7 కంటే తగ్గితే పులుపు) 5 పైచిలుకు. డచ్‌ది ముదురు గోధుమ నుంచి నలుపు దాకా, పీహెచ్ 7 దగ్గర. వాసన గుండ్రంగా ఉంటుంది, పులుపు ఉండదు. డబ్బా మీద ఎసిడిటీ రెగ్యులేటర్ అని ఐఎన్ఎస్ (కలిపిన పదార్థాల కోడ్) 500 గానీ 501 గానీ కనిపిస్తే డచ్ రకం.

ఈ వంటకానికి మామూలుదే నయం. సోడాకి కావలసిన పులుపులో కొంత అదే ఇస్తుంది. డచ్ కోకో ఉంటే పెరుగు కాస్త పుల్లనిది తీసుకుని నిమ్మరసం ఒకటిన్నర టీస్పూన్ చేయండి. సోడా మిగిలిపోతే డోనట్ సబ్బు రుచి వస్తుంది, పైన గులాబీ ఫ్రాస్టింగ్ తగిలిన చోట గోధుమరంగు గీత కూడా పడుతుంది.

మన దేశంలో కోకో పంటలో ముందున్నది ఆంధ్రానే. గోదావరి వైపు కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతరపంటగా వేస్తారు. గింజ నుంచి చాక్లెట్ దాకా తామే చేసే చిన్న తయారీదారులు ఆ పొడిని అమ్ముతున్నారు. చాలావరకు క్షారం కలపనిదే, కానీ కొవ్వు శాతం ఎక్కువ ఉంటుంది. డబ్బా మీద 20 శాతం దాటి కనిపిస్తే వెన్న 40 నుంచి 36 గ్రాములకు తగ్గించండి.

డికాషన్ మానకండి. కాఫీ రుచి తెలియదు, చాక్లెట్ మాత్రం ముదురుతుంది.

రంగులరాట్నం

ఇప్పుడు అసలు రంగుల సంగతి. గుంటచెంచా గారి ఫ్రాస్టింగ్ విరిగింది బీట్‌రూట్ తప్పు వల్ల కాదు. వెన్నలో నీళ్ళు ఒక హద్దు దాకే ఇముడుతాయి. ఆరు డోనట్ల కోసం తీసుకున్న 60 గ్రాముల వెన్నలో నాలుగు చెంచాల రసం పోస్తే విడిపోక ఏం చేస్తుంది?

ఒక లెక్క గుర్తుంచుకోండి. కొవ్వుతో చేసే ఫ్రాస్టింగ్‌కి పొడి రంగు. పంచదార పాకంలాంటి గ్లేజ్‌కి రసం.

వెన్న ఫ్రాస్టింగ్ (ఆరింటికి): ఉప్పులేని వెన్న 60 గ్రా. మెత్తగా, కరగకుండా. రెండు నిమిషాలు గిలక్కొట్టి, ఇంట్లో ఆడించిన ఐసింగ్ షుగర్ 100 గ్రా. మూడు విడతల్లో. చివర కొబ్బరి పాలు 1 టీస్పూన్. మూడు గిన్నెల్లోకి పంచి రంగులు కలపండి.

గ్లేజ్ (ఆరింటికి): ఐసింగ్ షుగర్ 100 గ్రా., రంగు రసం 3 నుంచి 4 టీస్పూన్లు. చెంచా ఎత్తితే పడిన గీత పది సెకన్లలో కలిసిపోవాలి. డోనట్ ముఖం ముంచి తిప్పి ఎత్తండి. మూడు రంగులకి మూడు గిన్నెలు, గిన్నెకి 33 గ్రాముల పంచదార, ఒక టీస్పూన్ చొప్పున రసం. ఆపైన చుక్కల లెక్కే. ఒక్క చుక్క ఎక్కువైతే చాక్లెట్ మీద రంగు పలచబడి మట్టిరంగులా కనిపిస్తుంది. కింద గోధుమరంగు ఉందని మరిచిపోవద్దు, గ్లేజ్ చిక్కగా ఉంటేనే రంగు పలుకుతుంది.

గులాబీ: బీట్‌రూట్‌ని 2 మిల్లీమీటర్ల ముక్కలుగా తరిగి 60 డిగ్రీల దగ్గర ఓటీజీ తలుపు సందులో చెక్క గరిటె పెట్టి పెళుసయ్యేదాకా ఎండబెట్టండి, ఆరేడు గంటలు పడుతుంది. ఆడించి పలుచటి నూలు గుడ్డలో వేసి జల్లించండి. పావు టీస్పూన్ వేస్తే లేత గులాబీ, ముప్పావు వేస్తే రాణి రంగు. ఆ రంగు పదార్థం పీహెచ్ 3 నుంచి 7 మధ్య నిలుస్తుంది. క్షారం తగిలితే పసుపు, గోధుమ వైపు పోతుంది. అందుకే గిన్నెలో నాలుగు చుక్కల నిమ్మరసం. మట్టి వాసన కూడా దాంతోనే అణుగుతుంది.

పసుపు: చిటికెడు పసుపు, కానీ నేరుగా వెన్నలో చల్లితే చుక్కలు చుక్కలుగా మిగులుతుంది. ఇది నూనెలో కరిగే రంగు. అర టీస్పూన్ కొబ్బరి నూనె గోరువెచ్చగా చేసి అందులో పావు టీస్పూన్‌లో సగం పసుపు కలిపి, చల్లారాక ఆ తేట నూనె వేయండి, అడుగు గసి వదిలేయండి. పచ్చి పసుపు వాసన ముప్పావు వంతు పోతుంది. సోడా తగిలితే పసుపు కుంకుమలా ఎర్రబడుతుంది, ఈ కిటుకు మనకి హారతి పళ్ళెంలో సున్నం కలిపినప్పుడే తెలుసు. ఆ చెంచా శుభ్రంగా ఉండాలి.

నీలం: శంఖుపూలు. కొన్ని ఊళ్ళలో దింటెన పూలంటారు. నీలం రకానివే, కాడలు తీసి, ఎండినవి పన్నెండు. వేడి నీళ్ళు 2 టేబుల్ స్పూన్లు పోసి పది నిమిషాలు ఉంచి పిండితే సిరా రంగు వస్తుంది. గ్లేజ్‌కి అదే చాలు. వెన్నలోకయితే ఎండు రేకుల్ని పొడి చేసి జల్లించి అర టీస్పూన్. ఈ గిన్నెలోకి నిమ్మ చుక్క పడకూడదు, ఊదా అయిపోతుంది. ఊదా కావాలనుకుంటే అదే దారి. ఎండు పూలు దొరక్కపోతే ఊదా క్యాబేజీ 150 గ్రాములు పావు లీటరు నీళ్ళలో పది నిమిషాలు ఉడికించి, వడకట్టి, రెండు టేబుల్ స్పూన్లకి మరిగించి, సూది మొన మీద పట్టేంత సోడా. ఊదా కాస్తా నీలమవుతుంది. ఇంకొంచెం పడితే ఆకుపచ్చ, క్యాబేజీ వాసన కూడా పైకొస్తుంది.

పొడి రంగులు కలిపిన వెన్న ఫ్రాస్టింగ్‌ని ఇరవై నిమిషాలు వదిలి మళ్ళీ కలపండి. బీట్‌రూట్, శంఖుపూల రంగులు నీళ్ళలో కరిగేవి. వెన్నలో ఉన్న కాస్త తడిలోకి మెల్లగా దిగుతాయి. మొదట లేతగా ఉందని ఇంకో చెంచా వేస్తే అరగంటలో ముదిరిపోతుంది.

అరిటాకు

బచ్చలి పండ్లు పనికిరావా? పెరట్లో నల్లగా విరగకాస్తున్నాయి.

రంగులరాట్నం

భేషుగ్గా. బీట్‌రూట్ కుటుంబం రంగే, మట్టి వాసన లేకుండా. బాగా నల్లబడిన పండ్లు ఇరవై తీసుకుని గుడ్డలో వేసి పిండండి, గింజ నలగకూడదు. గ్లేజ్‌కి చుక్కలుగా వేయండి, పాత గులాబీ పూవు రంగు వస్తుంది. వేడి చేస్తే వెలుస్తుంది, కాబట్టి మరిగించి చిక్కబరచాలనుకోవద్దు. నేరేడు పండు రసం కూడా బాగుంటుంది, అయితే వగరు. ఆ గ్లేజ్‌కి చిటికెడు ఉప్పు వేయండి.

పాలకూర ఆకుపచ్చ కావాలన్నవాళ్ళకి: ఆకుల్ని మరిగే నీళ్ళలో అర నిమిషం, వెంటనే ఐసు నీళ్ళలో. మెత్తగా రుబ్బి వడకట్టిన పసరు. నిమ్మరసం వేశారా, గంటలో ఆలివ్ రంగుకి తిరుగుతుంది.

పొంగణాలపెనం

ఓవెన్ లేనివాళ్ళు ఈ పిండితోనే గుంత పొంగణాల పెనంలో చిన్న ఉండలు వేసుకోవచ్చు. పెరుగు ఒక టేబుల్ స్పూన్ తగ్గించండి. గుంటకి 22 గ్రాముల చొప్పున ఇరవై దాకా వస్తాయి. సన్నటి సెగ, మూత, నాలుగైదు నిమిషాలు. పైభాగం తడి ఆరాక పుల్లతో తిప్పి ఇంకో రెండు నిమిషాలు. దోసెలకి పెట్టే మంట పెడితే బాదం, బెల్లం అడుగున మాడి లోపల పిండి మిగులుతుంది. ఇనుప పెనం అయితే కింద అట్ల పెనం వేసి దాని మీద పెట్టడం ఇంకా క్షేమం.

డాలస్‌దోసె

ఇదే పిండిని నూనెలో వేయిస్తే?

పొంగణాలపెనం

విడిపోతుంది. గారె నిలబడేది మినప్పిండి జిగురు వల్ల. ఇందులో పట్టు గుడ్డు ఉడికాకే వస్తుంది, అంతలోపు అంచులు నూనెలోకి రాలిపోతాయి. బాదం తన నూనె వదిలి బయటి నూనెని తాగుతుంది. వద్దు.

నిష్ఠగలఅత్తయ్య

గుడ్డు లేకుండా కొలత చెప్పండమ్మా. ఏకాదశి నాడు ధాన్యం ముట్టనివాళ్ళు ఉన్నారు మా ఇంట్లో.

ఓటీజీ_ఓపిక

గుడ్డు తీసి అదే కొలత ఉంచితే మధ్యలో కుంగి బంకలా అవుతుందండీ. మొత్తం మార్చాలి.

బాదం పిండి 100 గ్రా., టపియోకా స్టార్చ్ 50 గ్రా., కోకో 25 గ్రా., బెల్లం పొడి 80 గ్రా., సోడా అర టీస్పూన్. ఇసబ్‌గోల్ పొట్టు ఒకటిన్నర టీస్పూన్‌ని 2 టేబుల్ స్పూన్ల నీళ్ళలో ఐదు నిమిషాలు నానబెట్టినది. కాస్త పుల్లని పెరుగు 120 గ్రా., కొబ్బరి నూనె 40 గ్రా., నిమ్మరసం 2 టీస్పూన్లు. ఉపవాసం కాబట్టి డికాషన్, వెనిల్లా మీ ఇష్టం. ఉప్పు మీ ఇంటి ఆచారం ప్రకారం.

165 డిగ్రీల దగ్గర 22 నిమిషాలు. అచ్చులోనే అరగంట. ఇది డోనట్ కన్నా బ్రౌనీకి దగ్గరగా, గట్టిగా వస్తుంది. గుడ్డుదానిలా తేలిగ్గా వస్తుందని చెప్పడం అబద్ధం. చలికాలంలో పెరుగు ఫ్రిజ్‌లోంచి నేరుగా తీసి పోయకండి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది, పిండిలో తెల్లటి ముత్యాల్లా గడ్డలు కట్టి కాలాక అక్కడ గుంటలు పడతాయి.

జీడితోట

బాదం ధర చూసి వెనక్కి తగ్గేవాళ్ళకి: సగం, అంటే 60 గ్రాములు, జీడిపప్పు బద్దల పిండి వేయొచ్చు. పలాస బద్ద, తునక ఏదైనా సరే, గుండు అక్కర్లేదు. తీపి ఎక్కువ కాబట్టి బెల్లం 60కి తగ్గించండి. పొద్దుతిరుగుడు గింజల పప్పు ఇంకా చవక, గింజపప్పులు పడనివాళ్ళకి దారి కూడా. కానీ సోడాతో కలిసి చల్లారేకొద్దీ లోపల ఆకుపచ్చగా తిరుగుతుంది. పాడైందనుకుని పారేయకండి, గింజలో ఉన్న క్లోరోజెనిక్ ఆమ్లం చేసే పని అది. 25 గ్రాముల కోకోలో కనపడదు. నిమ్మరసం ఉండటం కూడా మేలు చేస్తుంది.

పాల వెన్న వద్దనుకుంటే ఫ్రాస్టింగ్: జీడిపప్పు 100 గ్రా. నాలుగు గంటలు నానబెట్టి నీళ్ళు పూర్తిగా వార్చి, కొబ్బరి పాల మీగడ 60 గ్రా., తేనె 40 గ్రా., కరిగించిన కొబ్బరి నూనె 30 గ్రా. వేసి గంధంలా రుబ్బాలి. ఫ్రిజ్‌లో రెండు గంటలు. పిండితే నిలబడుతుంది. దీని సొంత రంగు మీగడ పసుపు కాబట్టి గులాబీ, పసుపు బాగా పలుకుతాయి. నీలం వేస్తే ఆకుపచ్చ ఛాయ కొడుతుంది, నీలానికి మాత్రం పంచదార గ్లేజే వాడండి.

తీపిలెక్క

ధాన్యం లేదు కదా, షుగర్ ఉన్నవాళ్ళకి పర్వాలేదా అని పక్క చర్చలో ఎవరో అడిగారు. ఇక్కడే చెప్పేస్తా. ఒక్కో డోనట్‌లో బెల్లం దాదాపు 12 గ్రాములు, పైన గ్లేజ్ పంచదార 16 గ్రాములు, టపియోకా 5 గ్రాములు. టపియోకా రక్తంలో చక్కెరని వేగంగా పెంచే పిండి. ధాన్యం లేకపోవడం వేరు, తీపి లేకపోవడం వేరు.

గుంటచెంచా

అందరికీ చాలా థాంక్స్. మూడో వాయి పైన ఇచ్చిన కొలతతో పెట్టాను. విరగలేదు, నూనె లేదు. ఒకటే లోపం, లోపల కొంచెం బంక. పుల్ల శుభ్రంగానే వచ్చింది. ఇంకోటి, వీటిని మే నెల మధ్యాహ్నం గంటసేపు కారులో తీసుకెళ్ళాలి.

ఓటీజీ_ఓపిక

బంకకి రెండు కారణాలు. స్టార్చ్ చెంచా లెక్కన వేసి ఉంటే ఎక్కువై ఉంటుంది, లేదా వేడిగా ఉండగానే విరిచి చూశారు. గంట చల్లారాక విరిచినా బంకగానే ఉంటే స్టార్చ్ 25 చేసి, రెండు నిమిషాలు ఎక్కువ కాల్చండి. ఓటీజీ నాబ్‌ని నమ్మొద్దు. 15, 20 డిగ్రీలు అటూ ఇటూ ఉండటం మామూలే. లోపల వేలాడదీసే చిన్న థర్మామీటర్ కొనుక్కుంటే ఈ గొడవ సగం పోతుంది.

ముందురోజే చేసి పెట్టుకోండి, నష్టం లేదు. రాత్రంతా డబ్బాలో ఉంటే బాదం నూనె, తడి సర్దుకుని మర్నాటికి ఇంకా మెత్తబడతాయి. ఫ్రాస్టింగ్ లేకుండా ఫ్రీజర్లో నెల ఉంటాయి.

రంగులరాట్నం

మే నెలకి వెన్న ఫ్రాస్టింగ్ వద్దు. 30 డిగ్రీలు దాటితే జారిపోతుంది, కొబ్బరి నూనెది ఇంకా ముందే. గ్లేజ్ వేయండి. ముంచాక ఫ్యాన్ కింద గంట ఆరితే పైన పొర కడుతుంది, వేలు ఆనిస్తే అంటదు. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే మాత్రం చెమటపట్టి రంగు కారుతుంది. గది వేడిలోనే ఉంచి నేరుగా కారెక్కించండి.

డబ్బా మూత పారదర్శకంగా ఉంటే పైన కాగితం కప్పండి. పసుపు రంగు ఎండ తగిలితే గంటల్లో వెలిసిపోతుంది. ముగ్గురిలో దానికే ఓర్పు తక్కువ.

స్ప్రింకిల్స్ కావాలంటే ఎండు కొబ్బరి కోరు 2 టేబుల్ స్పూన్లకి అర టీస్పూన్ బీట్‌రూట్ రసం, రెండు చుక్కల నిమ్మ కలిపి 60 డిగ్రీల దగ్గర అరగంట ఆరబెట్టండి. గ్లేజ్ తడిగా ఉన్న మొదటి రెండు నిమిషాల్లోనే చల్లాలి. ఆరాక చల్లితే అంతా డబ్బా అడుగున దొరుకుతుంది.